ఒహాయో నుంచి దూబగుంట దాకా...

అమెరికాలో ఒకప్పుడు మద్యనిషేధం ఉండేదంటే నమ్ముతారా? ఒక ఊళ్ళోనో ఒక రాష్ట్రంలోనో కాదు, దేశం మొత్తం! దాదాపు 14 ఏళ్ళపాటు అక్కడ మందు తయారుచేయడం, అమ్మడం నేరం. ఆ చట్టం కోసం మొదట వీధుల్లోకి వచ్చింది మనలాంటి ఇల్లాళ్ళే. మన నెల్లూరు ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ కథా, వాళ్ళ కథా పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చం అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి.

నెల మొదటి వారంలో సాయంత్రం ఆరు దాటాక ఉప్పల్ నుంచి నాచారం, మల్లాపూర్, ఈసీఐఎల్ మీదుగా నాగారం దాకా ఒకసారి వచ్చి చూడండి. ఫ్యాక్టరీల్లో జీతాలు ఇచ్చారో లేదో ఎవర్నీ అడగక్కర్లేదు. వైన్‌షాపుల ముందు జనాన్ని చూస్తే తెలిసిపోతుంది. పాల ప్యాకెట్, స్కూలు ఫీజు, ఇంటి అద్దె అన్నీ ఆ షాపు దాటి వచ్చాకే! దాటి వస్తేనే...

ఈ బాధ మనకు కొత్త కాదు. మనకు మాత్రమే ఉన్నదీ కాదు. నూటయాభై ఏళ్ళ కిందట అమెరికా ఆడవాళ్ళు కూడా ఇలాగే లెక్కలేసుకుని కుమిలిపోయారు. అయితే వాళ్ళు కుమిలిపోవడంతో ఆగలేదు.

సెలూన్ అంటే క్షవరం షాపు కాదు!

మనకు సెలూన్ అంటే క్షవరం చేసే చోటు. అప్పటి అమెరికాలో సెలూన్ అంటే తాగే చోటు. 1830 ప్రాంతంలో అక్కడ పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ ఏడాదికి సగటున 7 గ్యాలన్ల అచ్చమైన ఆల్కహాల్ తాగేవాళ్ళట! అంటే దాదాపు 26 లీటర్లు. నీళ్ళు కలపని లెక్క ఇది. ఆ తర్వాత తాగుడు కొంత తగ్గినా, ఫ్యాక్టరీలు పెరిగి పట్నాలు విస్తరించేసరికి వీధికో సెలూన్ వెలిసింది. వాటిల్లో చాలావాటికి పెట్టుబడి బీరు కంపెనీలది. కంపెనీ డబ్బు పెడుతుంది, షాపువాడు ఆ కంపెనీ బీరే అమ్మాలి. కొన్నిచోట్ల కార్మికుల జీతం చెక్కుల్ని సెలూన్లోనే మార్చి డబ్బిచ్చేవాళ్ళు. చూశారా ఎంత తెలివో! గ్లాసు కొంటే భోజనం ఉచితం అనేవాళ్ళు కూడా. ఆ భోజనంలో ఉప్పు దండిగా వేసేవాళ్ళు. దాహం వేస్తే ఇంకో గ్లాసు అడుగుతాడు కదా!

మరి ఆ ఇంటి ఇల్లాలి సంగతి? ఆమెకు ఓటు లేదు. ఆ శతాబ్దంలో చాలాకాలం, చాలా రాష్ట్రాల్లో పెళ్ళయిన స్త్రీకి తన సంపాదన మీద కూడా హక్కు లేదు. మొగుడు తాగి ఇల్లు గుల్ల చేసినా, కొట్టి బయటికి గెంటినా విడాకులు దొరకడం కష్టం. దొరికినా పిల్లలు తన దగ్గరుంటారన్న నమ్మకం లేదు. తాగేది అతను, అప్పులు తీర్చేది ఆమె. అందుకే అక్కడి ఆడవాళ్ళకు మద్యం అంటే పాపమా పుణ్యమా అన్న ప్రశ్న తర్వాత వచ్చింది. పిల్లల కడుపు ఎలా నిండుతుందన్న ప్రశ్న ముందొచ్చింది.

ప్రార్థనలు... ఆపైన గొడ్డలి!

1873 డిసెంబర్‌లో ఒహాయో రాష్ట్రంలోని హిల్స్‌బరో అనే చిన్న ఊళ్ళో డాక్టర్ డయో లూయీస్ తాగుడు గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఆడవాళ్ళు గట్టిగా నిలబడితే షాపులు మూయించవచ్చు అన్నాడు. మర్నాడు, అంటే సరిగ్గా క్రిస్మస్ ముందురోజు, ఊరి ఆడవాళ్ళు చర్చిలో కలుసుకున్నారు. ఎలిజా థాంప్సన్ అనే ఆవిడను నాయకురాలిగా ఎన్నుకున్నారు. ఆవిడ మాజీ గవర్నర్ కూతురు. వరసగా బారులు తీరి మందు అమ్మే దుకాణాలకు వెళ్ళారు. కేకలు లేవు, తిట్లు లేవు. గుమ్మం ముందు మోకరిల్లి ప్రార్థన చేశారు, పాటలు పాడారు. రోజూ వచ్చి అలాగే కూర్చునేసరికి, లోపలికి అడుగుపెట్టడానికి మగాళ్ళకు మొహం చెల్లలేదు. ఊరూరా ఇదే పద్ధతి పాకిపోయింది. ఎన్నో సెలూన్లు మూతపడ్డాయి.

కొన్నాళ్ళకు చాలావరకు మళ్ళీ తెరుచుకున్నాయి లెండి. అప్పుడే ఆ ఆడవాళ్ళకు అర్థమైంది, ఒక షాపు మూయించి ఇంటికెళితే చాలదని. 1874లో క్లీవ్‌లాండ్‌లో మహిళల క్రైస్తవ మద్యవ్యతిరేక సంఘం పెట్టుకున్నారు. 1879 నుంచి 1898లో చనిపోయేదాకా ఫ్రాన్సిస్ విల్లార్డ్ దానికి అధ్యక్షురాలు. ఆవిడ నినాదం ఏమిటో తెలుసా? ఇంటికి రక్షణ! ఇంటిని కాపాడుకోవాలంటే ఆడదానికి ఓటుండాలని ఆవిడ వాదించింది. రాజకీయాలంటే దూరం జరిగే గృహిణుల్ని ఆ ఒక్క మాటతో ఓటు హక్కు పోరాటంలోకి తెచ్చింది. ఆ సంఘమే బడి పుస్తకాల్లో మద్యం వల్ల ఒంటికి జరిగే కీడు గురించి పాఠాలు పెట్టించింది.

అందరూ ఇంత నెమ్మదస్తులు కాదు. క్యారీ నేషన్ అనే ఆవిడ మొదటి భర్త తాగుడుకు బానిసై చనిపోయాడు. ఆవిడ ఉన్న కాన్సాస్ రాష్ట్రంలో అప్పటికే మద్యనిషేధం ఉంది. అయినా బార్లు బాహాటంగా నడిచేవి. మన బెల్టుషాపుల్లాగే అన్నమాట! చెప్పి చెప్పి విసిగిపోయి 1900 నుంచి ఆవిడే స్వయంగా బార్లలోకి వెళ్ళి సీసాలు, అద్దాలు పగలగొట్టడం మొదలుపెట్టింది. మొదట రాళ్ళతో, తర్వాత చేగొడ్డలితో. పోలీసులు ఎన్నిసార్లు పట్టుకెళ్ళినా బయటికి రాగానే మళ్ళీ అదే పని!

ఒక్క ఆడవాళ్ళ వల్లే అయిందా?

కాలేదు. ఇక్కడే అసలు విషయం ఉంది. ఆడవాళ్ళ పోరాటం 1873లో మొదలైతే దేశమంతా నిషేధం వచ్చింది 1920లో. మధ్యలో 47 ఏళ్ళు! ఎందుకింత ఆలస్యం?

కారణం ఖజానా. అమెరికా కేంద్ర ప్రభుత్వ ఆదాయంలో దాదాపు మూడో వంతు మద్యం మీద వేసే పన్నుదే. మందు ఆపేస్తే ప్రభుత్వం నడిచేదెలా? ఆ చిక్కుముడి 1913లో విడింది. రాజ్యాంగ సవరణ చేసి ఆదాయపు పన్ను వేసే అధికారం ప్రభుత్వం తెచ్చుకుంది. అంతే, మందు డబ్బు లేకపోయినా బతకవచ్చన్న ధైర్యం వచ్చింది.

ఇంకో రెండు కారణాలు కూడా తోడయ్యాయి. 1893లో పుట్టిన యాంటీ సెలూన్ లీగ్ అనే సంస్థ పార్టీలను పట్టించుకోలేదు. నిషేధానికి సరేనన్నవాడు ఏ పార్టీవాడైనా వాడికే ఓటు వేయించింది. కాదన్నవాణ్ణి ఓడించింది. దాంతో నాయకులకు భయం పట్టుకుంది. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. తిండిగింజలు సైన్యానికి కావాలి, బీరుకు పోయడమేమిటన్న మాట బయల్దేరింది. పైగా పెద్ద పెద్ద బీరు కంపెనీలు చాలావరకు జర్మన్ మూలాలున్న కుటుంబాలవి. జర్మనీతోనేమో యుద్ధం! ఆ కోపం కూడా కలిసొచ్చింది. వలస వచ్చిన పేదలమీద, నల్లవాళ్ళ మీద ఉన్న చిన్నచూపును కూడా కొందరు నిషేధం కోసం వాడుకున్నారు. ఈ మచ్చని దాచి చెబితే కథ పూర్తి కాదు.

చివరికి 1919 జనవరి 16న 18వ రాజ్యాంగ సవరణకు కావలసినన్ని రాష్ట్రాల ఆమోదం దొరికింది. ఏడాది తర్వాత, 1920 జనవరి 17 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. ఆడవాళ్ళకు దేశమంతటా ఓటు వచ్చింది అదే ఏడాది ఆగస్టులో. అంటే ఓటు రాకముందే నిషేధం సాధించుకున్నారన్నమాట.

గుమ్మం ముందుకే సారా

ఇక మన కథకొద్దాం. మద్యనిషేధం మనకూ కొత్త కాదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మొదలుపెట్టి, తర్వాత చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. 1954లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం పడిపోయింది కూడా మద్యనిషేధం మీద వచ్చిన తగవులోనే. అయితే అవన్నీ పైనుంచి నాయకులు తెచ్చినవి, నాయకులు తీసేసినవి. ఆడవాళ్ళు తామై అడిగి తెచ్చుకున్నది 1990ల్లోనే.

1980ల్లో సారాని ప్లాస్టిక్ ప్యాకెట్లలో పోసి అమ్మే పద్ధతి వచ్చింది. దానికి వారుణి వాహిని అని ముద్దుపేరు! అంతకుముందు తాగాలంటే దుకాణం దాకా నడవాలి. ఇప్పుడు ప్యాకెట్టే నడిచి వచ్చింది. కిళ్ళీకొట్టుకు, పొలం గట్టుకు, ఇంటి అరుగు మీదకు... చేతిలో డబ్బు లేకపోయినా అప్పు పెట్టేవాళ్ళు. కూలి రాగానే ముందు ఆ బాకీయే కట్టాలి.

ప్రభుత్వానికి మాత్రం పండగే. 1970-71లో రాష్ట్రంలో ఆబ్కారీ ఆదాయం 39 కోట్ల రూపాయలు. 1991-92 వచ్చేసరికి 812 కోట్లు! 1983లో కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చి ఆడవాళ్ళ చేత దండం పెట్టించుకున్న సర్కారే, సారా ప్యాకెట్లతో మగవాళ్ళ జేబులోంచి అంతకంటే ఎక్కువ లాగేసుకుంది. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకోవడమంటే ఇదే కదూ!

ఒక పాఠం చేసిన పని

నెల్లూరు జిల్లాలో అప్పుడు అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. పగలంతా కూలిపని చేసిన ఆడవాళ్ళు రాత్రిపూట పలకా బలపం పట్టి కూర్చునేవాళ్ళు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒక్కటై సారాని ఆపించిన కథ అది. చదివినవాళ్ళకు అది పాఠంలా అనిపించలేదు, తమ ఇంటి సంగతిలా అనిపించింది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివిన ఆ ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. సీతమ్మ చేసింది మనమెందుకు చేయకూడదు?

కలిగిరి మండలం దూబగుంటలో అదే జరిగింది. తాగుడు ఆ ఊళ్ళో ప్రాణాలు కూడా తీసింది. వర్ధినేని రోశమ్మ ముందుండగా ఆడవాళ్ళు గుంపుగా కదిలారు. ఊళ్ళోకి వచ్చిన సారా జీపుకు అడ్డం నిలబడి వెనక్కి పంపించారు. దూబగుంట కబురు ఊరూరికీ పాకింది. 1992లో జిల్లా అంతటా, ఆపైన రాష్ట్రమంతటా అగ్గి రాజుకుంది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊరి పొలిమేరల్లో కాపలా కాశారు. ప్యాకెట్లు కుప్పపోసి తగలబెట్టారు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. వేలం పదేపదే వాయిదా పడింది. వాళ్ళలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల కూలి స్త్రీలు. వాళ్ళ వెనక పెద్ద పార్టీ లేదు, డబ్బున్నవాళ్ళు లేరు.

హిల్స్‌బరో ఆడవాళ్ళ గురించి దూబగుంటలో ఎవరూ చెప్పి ఉండరు. అయినా ఇద్దరూ చేసింది ఒక్కటే. గుమ్మం ముందు నిలబడ్డారు, బడి పాఠాన్ని ఆయుధం చేసుకున్నారు, ఇల్లు కాపాడుకోవాలన్నారు. అక్కడ ప్రార్థన, ఇక్కడ చీపురు. అంతే తేడా!

జనవరి 16

1993 ఏప్రిల్‌లో కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం నెల్లూరు జిల్లాలో సారాని నిషేధించింది. అదే ఏడాది అక్టోబర్‌లో రాష్ట్రమంతటా ఆపేసింది. 1994 ఎన్నికల్లో ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధం తెస్తానని మాటిచ్చారు. గెలిచి, డిసెంబర్‌లో ప్రమాణస్వీకారం చేసిన వేదిక మీదే ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. వారుణి వాహిని తెచ్చింది కూడా తెలుగుదేశం ప్రభుత్వమే. ఓటు బలం అంటే అదీ!

సంపూర్ణ నిషేధం 1995 జనవరి 16 నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికా సవరణకు ఆమోదం దొరికిందీ జనవరి 16నే. 76 ఏళ్ళ తేడాతో ఒకే తేదీ! మన ఉప్పల్, నాచారం వైపు వైన్‌షాపులకు తాళాలు పడింది కూడా అప్పుడే.

తాళాలు ఎందుకు తీశారు?

అమెరికాలో నిషేధం వచ్చిన కొత్తలో తాగుడు బాగా తగ్గింది. ఆ తర్వాత దొంగచాటు బార్లు, కల్తీ మందు, అల్ కపోన్ లాంటి ముఠా నాయకుల రాజ్యం మొదలయ్యాయి. పాలిన్ సేబిన్ అనే ఆవిడ మొదట్లో తన కొడుకుల మేలు కోరి నిషేధాన్ని సమర్థించింది. చట్టాన్ని ఎవరూ లెక్కచేయకపోవడం చూసి పిల్లలు చెడిపోతున్నారని, 1929లో నిషేధం రద్దు కోసమే మహిళా సంఘం పెట్టింది. అదే ఏడాది ఆర్థికమాంద్యం వచ్చిపడింది. జనానికి ఆదాయాలే లేనప్పుడు ఆదాయపు పన్ను ఎక్కడినుంచి వస్తుంది? ఖజానా ఖాళీ కాగానే మళ్ళీ మందు పన్ను గుర్తుకొచ్చింది. 1933 డిసెంబర్ 5న నిషేధం ఎత్తేశారు.

మన దగ్గర అంతకాలం కూడా నిలవలేదు. కర్ణాటక, మహారాష్ట్రల నుంచి దొంగసరుకు వచ్చింది. గోదావరి జిల్లాలవాళ్ళకు పక్కనే యానాం ఉండనే ఉంది. ఊళ్ళల్లో గుడుంబా బట్టీలు లేచాయి. మందు ఆదాయానికి బదులు ఇంకో ఆదాయం ప్రభుత్వం చూపించుకోలేకపోయింది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. రెండేళ్ళ ముచ్చట!

రెండు చోట్లా తేలింది ఒకటే. ఆడవాళ్ళ కన్నీళ్ళకు, కోపానికి ప్రభుత్వాలు కదిలాయి, నిజమే. కానీ ఆ చట్టం నిలిచింది మందు డబ్బు లేకుండా ఖజానా గడిచినంతకాలమే. మనింట్లో సంపాదించేవాడు మందుకు బానిస అయితే, ప్రభుత్వం ఆ మందు డబ్బుకు బానిస.

ఇప్పుడేమైనా మారిందా అంటారా? తెలంగాణలో 2023లో 2,620 వైన్‌షాపుల లైసెన్సుల కోసం లక్షా ముప్ఫయి వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు. షాపు వచ్చినా రాకపోయినా ఆ డబ్బు తిరిగి ఇవ్వరు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు ఎంతొచ్చిందో మీరే గుణించి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో దశలవారీ నిషేధం అంటూ 2019 అక్టోబర్‌లో ప్రభుత్వమే దుకాణాలు పెట్టింది. 2024 అక్టోబర్‌లో మళ్ళీ ప్రైవేటు షాపులు వచ్చాయి. నిషేధం మాత్రం రాలేదు.

అయితే అంతా వృథాయేనా?

కాదమ్మా, కానే కాదు. 1997లో మిగతా మందు తిరిగొచ్చింది గానీ ప్యాకెట్ సారా తిరిగి రాలేదు. దూబగుంట ఆడవాళ్ళు మొదట అడిగింది దాన్ని ఆపమనే! అంతకంటే పెద్ద ఫలితం ఇంకోటుంది. సారా ఆగాక నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. పొదుపులక్ష్మి అని దానికి పేరు. ఊరికి కాపలా కాసిన గుంపే పొదుపు సంఘమైంది. రోశమ్మ 2016లో కన్నుమూశారు. ఆవిడ తరం మొదలుపెట్టిన సంఘం అలవాటు మాత్రం ఊళ్ళల్లో వేళ్ళూనుకుంది.

అమెరికాలోనూ అంతే. నిషేధం పోయిన రెండేళ్ళకే, 1935లో అదే ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ ఊళ్ళో, తాగుడు మానాలనుకున్న ఇద్దరు కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టారు. తాగినవాణ్ణి పాపి అనకుండా రోగి అనుకుని చేయందించే పద్ధతి అది. హైదరాబాద్‌లోనూ ఆ సమావేశాలు జరుగుతాయి. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం విడిగా అల్-అనాన్ అనే బృందాలు కూడా ఉన్నాయి.

చట్టం వచ్చేదాకా...

చట్టం ఎప్పుడొస్తుందో, వచ్చినా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. ఈలోగా మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి.

* కాలనీలో గుడి పక్కనో బడి పక్కనో వైన్‌షాపు పెడుతుంటే సంతకాలు సేకరించి ఎక్సైజ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. రసీదు తీసుకోండి. ఒక్కరే వెళ్ళకండి, సంఘంగా వెళ్ళండి. 2015లో తెలంగాణ ప్రభుత్వం చవక మద్యం తేవాలనుకున్నప్పుడు ఆడవాళ్ళు గట్టిగా ఎదురుతిరగబట్టే ఆ ఆలోచన మానుకుంది.

* ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషిని ఉన్నట్టుండి ఆపేయమని ఒట్టు పెట్టించుకోకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. డాక్టరు సాయంతోనే మాన్పించాలి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో చూస్తారు. మద్యం, మత్తు అలవాట్ల గురించి 14446 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

* తాగొచ్చి కొడితే అది మీ ఖర్మ కాదు, నేరం. 2005 గృహహింస చట్టం ఉంది. 181కి ఫోన్ చేయండి.

* అన్నిటికంటే ముందు డబ్బు సంగతి చూసుకోండి. మీ జీతం మీ పేరున ఉన్న ఖాతాలోనే పడాలి. ఏటీఎం కార్డు, దాని నంబరు మీ దగ్గరే ఉండాలి. ఆయన తెలివిగా ఉన్న పూట కూర్చోబెట్టి, జీతం రాగానే అద్దె, ఫీజు, బియ్యం డబ్బులు ముందు విడిగా తీసి మీకిచ్చేలా ఒప్పించుకోండి.

హిల్స్‌బరోలో మోకరిల్లిన తల్లులూ, దూబగుంటలో జీపుకు అడ్డం నిలబడ్డ తల్లులూ చివరికి అడిగింది ఇదే కదా. కష్టార్జితం ముందు ఇంటికి రావాలి. వాళ్ళు ఒంటరిగా అడిగినంతకాలం ఎవరూ వినలేదు. నలుగురూ కలిసి అడిగినప్పుడు దేశాల చట్టాలే మారాయి. మరి మన వీధిలో ఆ నలుగురూ ఎవరో ఈ ఆదివారమే ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే పోలా?